దారి లేని కాశీ ఆట

వైశాఖంలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు అది మొదలైంది. మా హాల్లో గోడ గడియారం అప్పుడు మూడూ ఇరవై నాలుగు చూపిస్తోంది. కొట్టు తెరవడం ఆలస్యం కాకూడదని నాన్నగారు దాన్ని ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందుకు పెట్టి ఉంచేవారు, కాబట్టి ఆ నాలుగూ తీసేసి చెబుతున్నాను. నాకు అప్పటికి పన్నెండేళ్ళు నిండి నాలుగు నెలలు. ఆ గంట ఇంత గట్టిగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ తర్వాత చాలామంది మా ఇంట్లోవాళ్ళను "ఎన్ని గంటలకు?" అని అడిగారు. చెప్పగలిగింది నేనొక్కదాన్నే. నేను చెప్పిన జవాబు కూడా సగమే.

ఇదంతా ఇప్పుడు తవ్వుకోవడానికి మా మనవడు వంశీ కారణం. పోయిన నెల తన స్నేహితులు ముగ్గురిని వెంటబెట్టుకుని రాజమండ్రిలో మా ఇంటికి వచ్చాడు. నా భోజనాల బల్ల మీద పటాలు పరిచి, పన్నెండు ముఖాలవీ ఇరవై ముఖాలవీ పాచికలు పోసి, ఇటుకంత లావు పుస్తకం తెరిచి ఆట మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలో మనిషిగా మారి ఆ కథలో నడుస్తారు. కాసేపటికి ఆట ఆగిపోయి తగువు మొదలైంది. ఆ పుస్తకానికి కొత్త ఎడిషన్ వచ్చిందట, రూల్స్ మార్చేశారట. ఒక అమ్మాయి పాతవే ఆడదామంటుంది. మావాడు ఒప్పుకోడు. "పాతదాంట్లో ఊరికే చచ్చిపోతాం. కొత్తదాంట్లో మళ్ళీ లేవొచ్చు. అమ్మమ్మా, లెక్కల టీచరుగా చేశావు కదా, నువ్వు చెప్పు, రూల్స్ మార్చొచ్చా, మార్చకూడదా?" అన్నాడు. పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. పాలు అసలు పొయ్యి మీద లేవు.

మా చిన్నప్పటి ఇల్లు పెనుగొండలో గుడికి దగ్గర్లో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో యాత్రికులకు కావలసిన పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, కొబ్బరికాయలు అమ్మేవాళ్ళం. ఆ కర్పూరం వాసన ఇల్లంతా ఎంతగా పట్టేసిందంటే, మా ఇంట్లో మజ్జిగ తాగిన చుట్టాలు గ్లాసు ఒకసారి వాసన చూసి పక్కన పెట్టేవాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టు తలుపు సగం వేసేవారు. భోజనాలయ్యాక హాల్లో నల్లరాతి నేల మీద తడిగుడ్డ పెట్టి తుడిచి, అది ఆరేలోగా మామ్మ కాళ్ళు కడుక్కుని వచ్చేది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. కాళ్ళు కడుక్కోకుండా ఆటకు కూర్చోనిచ్చేది కాదు. "కాశీకి బురదకాళ్ళతో వెళ్తావటే?" అనేది.

ఆ ఆటను మేం కాశీ ఆట అనేవాళ్ళం. మామ్మ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో తెలియదు. నేల మీద సుద్దతో పెనుగొండ నుంచి కాశీ దాకా ఒక బాట గీసి, దాని మీద ఇరవై ఆరు మజిలీలు పెట్టేది. మేం బాటసార్లం. ఒక్కొక్కరూ తను ఎవరో ముందు చెప్పాలి. వైద్యుడో, వంటమనిషో, పెళ్ళి తప్పించుకుని పోతున్న పిల్లో, ఏదైనా సరే. మూటలో మూడే వస్తువులు పెట్టుకోవాలి. మామ్మ బాటసారి కాదు. మామ్మ దారి. ఆట మాటల్లో ఆవిడ పేరే దారి. దారిలో ఎదురయ్యే ప్రతి మనిషీ ఆవిడ గొంతులోంచే మాట్లాడేవాడు. తుని దగ్గర మామిడితాండ్ర అమ్మే మనిషి, తన తాండ్ర రుచి చూసి బాగుందంటే గాని తోవ చెప్పేది కాదు. పోలవరం మీదుగా కొండదారి పట్టినవాళ్ళకు చింతపండు తూచే ఒక చెవిటి ముసలాయన తగిలేవాడు. ఆయనకు అరిచి చెబితే కోపం, నెమ్మదిగా చెబితే వినపడదు. మేం ఏం చేస్తామో నోటితో చెప్పాలి. ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించి, "మూడు పడాలి" అనేది. ఆరు గవ్వలు విసిరితే మూడు వెల్లకిలా పడాలన్నమాట. పడితే మేం చెప్పింది జరిగినట్టు. పడకపోతే, తర్వాత ఏమవుతుందో దారి చెప్పేది. ఒక ఆట పూర్తి కావడానికి ఒక్కోసారి వేసవి సెలవులన్నీ పట్టేవి.

చనిపోవడానికి ఉన్న రూలు గురించి విడిగా చెప్పాలి. ఆటలో చచ్చినవాళ్ళు మళ్ళీ లేవరు. కానీ ఆట వదిలి వెళ్ళిపోకూడదు. బాట మీద వాళ్ళ గుర్తుగా పెట్టిన కాయను మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరు మోసుకుపోవాలి. మోసేవాళ్ళకు విసిరిన ప్రతిసారీ ఒక గవ్వ తక్కువ లెక్క. చచ్చినవాళ్ళు మోసేవాళ్ళ వెనకాల కూర్చోవాలి, ఆటలో నోరు విప్పకూడదు. బరువు భరించలేకపోతే కాయను ఏ ఏట్లోనైనా పారెయ్యొచ్చు. అది రూలు ఒప్పుకుంటుంది. కానీ పారేసినవాడు వెనక్కి తిరిగి ఆ మనిషి ముఖం చూసి పారెయ్యాలి. నేను చూసినంతలో ఎవరూ పారెయ్యలేదు. కాశీ చేరాక చెంబులో నీళ్ళు పెట్టి అందులో కాయ వేసేవాళ్ళం. అప్పుడు చచ్చిన మనిషి ఒక్క మాట చెప్పొచ్చు. ఆ మాట కోసం అందరం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి మా అన్నయ్య పన్నెండు రోజులు నోరు మూసుకుని కూర్చుని, కాశీలో "ఆకలి" అన్నాడు. మామ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

మామ్మ రూల్స్ మార్చదని అనుకోకండి. నాకు తెలిసి ఐదుసార్లు మార్చింది. వాళ్ళమ్మ ఆటలో రైలు లేదు, మామ్మ తునిలో రైలు పెట్టింది. ఆడవాళ్ళు ఒంటరిగా పడవ ఎక్కకూడదన్న రూలు, మా పెద్దత్త భర్త పోయి ఇంటికి వచ్చిన వేసవిలో తీసేసింది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నేనే పట్టుకుని, "పోయినేడు ఎక్కకూడదన్నావు కదా మామ్మా?" అన్నాను. "పోయినేడు అవసరం రాలేదే" అంది. అంతే.

మా బాబాయికి రాజమండ్రిలో చిన్న ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, గోడ క్యాలెండర్లు వేసేవాడు. ఆ ఆటను అచ్చు వేస్తే యాత్రికులు కొంటారని ఆయనకు తోచింది. మొదటి కూర్పులో పెద్ద కాగితం మీద బాట, దానితో ఎనిమిది పేజీల రూల్స్ పుస్తకం ఉండేవి. మామ్మ చెప్పింది చెప్పినట్టు వేశాడు. "ఇంట్లో పెద్దవాళ్ళొకరు దారిగా కూర్చోవాలి" అనే మాటతో ఆ పుస్తకం మొదలయ్యేది. కొన్నవాళ్ళు కొన్నారు గాని, తిరిగొచ్చి కొట్లో నాన్నగారి మీద పడేవాళ్ళు. "మా ఇంట్లో దారిగా కూర్చునే తీరిక ఎవరికుందండీ?" అని ఒకరు. "మా పాప మూడో రోజే చచ్చిపోయిందండి, అప్పట్నుంచి ఒకటే ఏడుపండి" అని ఇంకొకరు. నాన్నగారు వాళ్ళకు ఓ కర్పూరం పొట్లం ఊరికే ఇచ్చి పంపేవారు.

రెండేళ్ళయ్యాక బాబాయి రూల్స్ మార్చి రెండో కూర్పు వేస్తానన్నాడు. ఆ మాట అన్నది మా హాల్లోనే, మామ్మ ఎదురుగానే.

"దారి బదులు కార్డులు వేస్తానమ్మా. ఎదురయ్యే మనుషులు కార్డుల మీద ఉంటారు. ఆడేవాళ్ళు తీసి చదువుకుంటారు. ఇంటింటికీ నువ్వు ఉండవు కదా."

"నేను లేకపోతే ఇంకొకరుంటార్రా. మా అమ్మ పోయాక నేను లేనూ?"

"అందరికీ నీ నోరు ఉండదమ్మా."

"అది నిజమే" అంది మామ్మ, పొగడ్తకు లొంగిపోయి. "సరే, వేసుకో. చావు మాత్రం తియ్యకు."

"చావే తియ్యమంటున్నారు కొనేవాళ్ళు. కలరా వస్తే రెండు ఆటలు ఆగి, మళ్ళీ పెనుగొండ నుంచి బయలుదేరతారు. పిల్లలు ఆడుకునేది కదా."

"చావు లేకపోతే మూటలో ఏం పెట్టుకోవాలో ఎవడాలోచిస్తాడ్రా? బెల్లం ఉండలు పెట్టుకుని పోతారు."

"పోనీ అమ్మా, బెల్లం తింటూనే పోనీ!"

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కార్డులు వస్తే మామ్మ ఎక్కడ కూర్చుంటుంది? పగలంతా ఇంట్లో ఆవిడ మాట ఎవరూ పెద్దగా వినేవాళ్ళు కాదు. వంటిల్లు అమ్మది, కొట్టు నాన్నగారిది. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఆవిడ నోటి వైపే చూసేవాళ్ళు. ఆ మూడు గంటలూ పోతే ఆవిడకు ఏం మిగులుతుందన్నదే నా బెంగ. ఆ బెంగతో చాలా రోజులు మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ నాకు దిష్టి తీసింది.

మామ్మ మాత్రం నెలరోజులు బాబాయి పక్కన కూర్చుని కార్డులకు మనుషులను చెప్పింది. నలభై అయ్యాక ఆయన చాలన్నాడు. "ఇంకా ఉన్నార్రా" అంది. "దళసరి కాగితం ఒక షీటుకు నలభైయే వస్తాయమ్మా. నలభై ఒకటి వెయ్యాలంటే ఇంకో షీటు పెట్టాలి" అన్నాడు. గయ దగ్గరి మనుషులందరూ అలా కాగితం చాలక బయటే ఉండిపోయారు.

ఆ ఆదివారానికి ముందురోజు సాయంత్రం బాబాయి, ఆయన కొడుకు రాంబాబు బస్సు దిగారు. సంచిలో ఇంకా సిరా వాసన పోని రెండో కూర్పు పెట్టె ఉంది. అమ్మకు అది తీరిక లేని వారం, ఎందుకంటే సోమవారం ఆవకాయ పెట్టాలి. ఇల్లంతా ఆవపిండి ఘాటు. ఆదివారం భోజనాలయ్యాక మేం కూర్చున్నాం. మామ్మ, అన్నయ్య, రాంబాబు, నేను ఆడేవాళ్ళం. బాబాయి గోడకు ఆనుకుని చూస్తున్నాడు. మామ్మ బాటసారిగా కూర్చోవడం అదే మొదటిసారి. "నేను ముసలి కోమటిదాన్ని. పసుపు కొమ్ములు అమ్ముకుంటూ పోతున్నాను" అని తన కాయగా ఒక చింతపిక్క పెట్టుకుంది. మూటలో పసుపు, తాడు, నెయ్యి అంది. "ఈ కూర్పులో మూట లేదు మామ్మా" అన్నాడు రాంబాబు. ఆవిడ వినిపించుకోలేదు.

తుని దగ్గర ఆవిడ వంతు వచ్చినప్పుడు అన్నయ్య కార్డు తీసి చదివాడు. "కలరా సోకింది. రెండు ఆటలు ఆగి పెనుగొండ నుంచి బయలుదేరుము."

"రెండు ఆటలు ఆగేదేంటిరా? నీళ్ళెవరిచ్చారు? ఎవరింటి అరుగు మీద పడుకున్నాను?"

"కార్డు మీద అంతే ఉంది మామ్మా."

"ఏదీ, దాన్ని అడుగు."

"కార్డు మాట్లాడదు మామ్మా."

"నేననేదీ అదే."

గవ్వలు తీసుకుని విసిరింది. పాత రూలు ప్రకారం కలరాకు రెండు పడాలి. ఒకటే వెల్లకిలా పడింది. మిగతా ఐదూ బోర్లా. ఆవిడ వాటినే చూస్తూ, "పోయాను" అంది. చింతపిక్క తీసి నా చేతిలో పెట్టి, "చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. కనకం, నన్ను నువ్వే మొయ్యాలి" అంది. లేచి వచ్చి నా వెనకాల గోడకు చేరగిలపడి కూర్చుంది. నేను తల ఎత్తి గడియారం చూసింది అప్పుడే.

కొత్త రూలు ప్రకారం మొదట కాశీ చేరినవాడు గెలిచినట్టు, దాంతో ఆట అయిపోయినట్టు. నాలుగు కావస్తుండగా రాంబాబు చేరిపోయి చప్పట్లు కొట్టాడు. నేను ఒక గవ్వ తగ్గించుకుంటూ ఆడుతున్నాను కనుక ఇంకా పూరీ దగ్గరే ఉన్నాను. కాగితం మడిచేశారు. "మామ్మా, అయిపోయింది, లే" అన్నాడు రాంబాబు. ఆవిడ వాడి వైపు చూసింది గాని ఏమీ అనలేదు. గోడ పట్టుకుని లేచి, పెరటి వసారాలోకి వెళ్ళి చాప మీద పడుకుంది.

ఆరు గంటలకు అమ్మ కాఫీ ఇస్తే ఎడం చేత్తో అందుకుంది. అది నేను చూశాను. మా మామ్మ ఎడం చేత్తో ఏదైనా అందుకోవడం నేను పుట్టాక అదే మొదలు. రాత్రి భోజనాల దగ్గర కంచాన్ని ఎడం చేత్తో పక్కకు తోసింది. మా ఇళ్ళల్లో అంతకంటే పెద్ద కోపం ఉండదు. అమ్మ ముఖం మాడిపోయింది. నాన్నగారు చెయ్యి కడుక్కోబోయి ఆగారు.

"ఏంటమ్మా ఇది? అన్నం మీద అలకేంటి?"

మామ్మ మాట్లాడలేదు. బాబాయి తల వంచుకుని అన్నాడు: "అలక కాదన్నయ్యా. నా మీద కోపం. రూలు ప్రకారం నడుస్తోంది. కాయ కాశీ చేరేదాకా మాట్లాడదు."

"ఆట ఎప్పుడో లేచిపోయింది కదరా?"

నేను ఉండబట్టలేకపోయాను. "నాన్నగారూ, రూలు అది కాదండి. మాట్లాడకూడనిది ఆటలోనే అండి. అన్నం దగ్గర మాట్లాడొచ్చు. పోయినేడు అన్నయ్య చచ్చిపోయి కూడా రోజూ అన్నం దగ్గర వాగుతూనే ఉన్నాడు కదండీ."

"పెద్దవాళ్ళ మధ్య నీకెందుకే?" అంది అమ్మ.

"ఆ రూలూ మార్చిందేమోనే కనకం" అన్నాడు బాబాయి. "నేను మార్చగా లేనిది, ఆవిడ ఆట ఆవిడ మార్చుకోకూడదా?"

ఆ మాట అందరూ నమ్మారు. నమ్మడానికి తగినట్టే ఉండేది మామ్మ. కార్తీక సోమవారాలు మౌనం పట్టేది. మా తాతగారితో ఒకసారి మూడు రోజులు పలక్కుండా ఇల్లు నడిపిందని ఇంట్లో చెప్పుకునేవారు. నేను ఆవిడ పక్కనే పడుకున్నాను. మామ్మా అని పిలిస్తే ఎడం చేత్తో నా వేళ్ళు నొక్కింది.

సోమవారం తెల్లవారేసరికి మామిడికాయలు కొట్టే మనిషి కత్తిపీట వేసుకుని పెరట్లో కూర్చున్నాడు. ముక్కలు టకటకమని రాలుతున్నాయి. ఆవకాయలో ఉప్పు ఎంత పడాలో మామ్మే చెప్పాలి. గుప్పెడు తీసి, అరచేతిలో ఎగరేసి, ఇంకో సోలెడు అనో చాలు అనో అనేది. అమ్మ జాడీ ముందు పెట్టి, "అత్తయ్యగారూ, కోపం మా మీదా? ఉప్పు చాలో లేదో తల ఊపండి చాలు" అంది. మామ్మ ఉప్పు వైపు చూసింది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, వేళ్ళు తెరుచుకుని. "అమ్మా, మామ్మ కుడి చెయ్యి వాడటం లేదు" అన్నాను. "పంతం పట్టిందంటే మీ మామ్మ అంతేనే. నన్ను పని చేసుకోనీ" అంది అమ్మ. ఆవపిండి ఘాటుకు ఆవిడ కళ్ళల్లో అప్పటికే నీళ్ళున్నాయి.

బాబాయి ఉండలేకపోయాడు. ఆయన బస్సు పదకొండింటికి. "ఆట పూర్తి చేద్దాం రండి. నేనే దారిగా ఉంటాను. అమ్మను కాశీ చేర్చాక వెళ్తాను" అన్నాడు. కార్డులు పెట్టెలో పడేసి, సుద్దముక్క తెచ్చి నేల మీద తనే బాట గీశాడు. పూరీ నుంచి మొదలుపెట్టాం. మామ్మను తీసుకొచ్చి నా వెనకాల కూర్చోబెట్టాం. బాబాయికి దారిగా ఉండటం చేతకాలేదు. ఆయన పూజారి, ఆయన దొంగ, ఆయన గాడిదలవాడు, అందరూ ప్రెస్సుకు శుభలేఖలు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళలా "అలాగేనండి, అలాగేనండి" అనేవాళ్ళు. రాంబాబు పకపకా నవ్వాడు. నాకు మాత్రం వీపు మీదే ధ్యాస. మామ్మ నా మీదికి ఒరుగుతోంది. కుడివైపుకు. సర్దుకుని కూర్చుంటే మళ్ళీ ఒరిగేది.

గంగ దాటే పడవ దగ్గర బాబాయి గొంతు మారింది. "పడవ బరువెక్కిందండి. ఒకటి దించాలి. ఆ చింతపిక్క దించెయ్యండి, ఎలాగూ చచ్చిపోయిందే కదా."

"దించను" అన్నాను.

"వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూసి పారెయ్యొచ్చు. రూలు ఒప్పుకుంటుంది."

"నేను చూడను. గవ్వలివ్వండి."

"నాలుగు పడాలి. నీకు ఒకటి తక్కువ, అంటే ఐదు."

ఐదు పడ్డాయి. అన్నయ్య కేక వేశాడు. నేను వెనక్కి తిరగకుండానే గవ్వలు విసిరాను. తిరిగి ఉంటే ఆ ముఖం అప్పుడే కనబడేదేమో. పన్నెండూ పదికి కాశీ చేరాం. చెంబుతో నీళ్ళు తెచ్చారు. అమ్మ ఆవపిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్నగారు కొట్లోంచి వచ్చారు. నేను చింతపిక్కను నీళ్ళలో వదిలాను.

బాబాయి మామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, కాశీ వచ్చేశాం. చెప్పు. తిట్టినా సరే, చెప్పు."

ఆవిడ నోరు తెరిచింది. చెప్పాలని చూసింది. ఎంత గట్టిగా చూసిందంటే మెడ నరం పైకి తేలింది. వచ్చింది మాట కాదు, గాలితో కలిసిన ఒక శబ్దం. పెదవి ఎడంవైపే కదిలింది. కుడివైపు అలాగే ఉండిపోయింది. అందరికంటే ముందు అమ్మకు అర్థమైంది. "ఏమండీ, కారు!" అని అరిచింది.

అద్దె కారులో కొవ్వూరు బ్రిడ్జి మీదుగా రాజమండ్రి తీసుకువెళ్ళాం. నా ఒళ్ళో మామ్మ తల. ఆసుపత్రిలో డాక్టరుగారు కాగితం తీసి అడిగారు.

"ఎప్పట్నుంచి మాట లేదండి?"

నాన్నగారు బాబాయి వైపు చూశారు. "నిన్న మధ్యాహ్నం నుంచండి" అన్నాడు బాబాయి. "కానీ అది ఆటలో అండి."

"ఆటేంటండీ?"

"ఆటలో చచ్చిపోయిందండి. చచ్చిపోయినవాళ్ళు మాట్లాడకూడదండి. అందుకని మాట్లాడటం లేదనుకున్నామండి."

డాక్టరుగారు రాయడం ఆపారు. "ఎవరనుకున్నారు?"

"అందరం అండి."

"మూడూ ఇరవైకి మాట్లాడిందండి" అన్నాను నేను. "ఆరింటికి కాఫీ ఎడం చేత్తో తాగిందండి."

ఆయన నన్ను చూసి, ఆ రెండూ రాసుకున్నారు. ఆ రెండింటి మధ్య ఎప్పుడో అయి ఉంటుందన్నారు. నాన్నగారు నెమ్మదిగా, "నిన్ననే తెచ్చి ఉంటే?" అన్నారు. "అలా లెక్క వేసుకోకండి. చెప్పలేం" అన్నారు డాక్టరుగారు. ఆ లెక్క నేను ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను. ఆవిడ నా వెనకాల రూలు ప్రకారం నోరు మూసుకుని కూర్చున్నది ఎంతసేపో, నోరు పడిపోయి కూర్చున్నది ఎంతసేపో, ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడ పడిందో తెలియదు.

మామ్మ ఇంకో ఏడాదీ తొమ్మిది నెలలు బతికింది. కాలు వచ్చింది. చెయ్యి అన్నం కలుపుకునేంత వచ్చింది. మాటల్లో మాత్రం ఒక్కటే తిరిగి వచ్చింది, "కాదు" అని. అవునన్నా కాదన్నా, ఆకలన్నా, రమ్మన్నా, ఆవిడ నోట వచ్చేది అదే. కార్డుల మీద ఎక్కని మనుషులను ఎలాగైనా రాబట్టాలని నేనూ అన్నయ్యా రోజూ ఎదురుగా కూర్చునేవాళ్ళం. "గయ దగ్గర పిండాలు అమ్మే ఆవిడకు ఒక కన్ను లేదు, అవునా మామ్మా?" "కాదు." "రెండూ ఉన్నాయా?" "కాదు." నవ్వేది. అప్పుడప్పుడూ అదే మాట పదిసార్లు అని, మేం అందుకోలేకపోతే కన్నీళ్ళు పెట్టుకునేది.

ఆ ఏడు తిరిగేసరికి బాబాయి మూడో కూర్పు వేశాడు. దారిని, మూటను, చావును అన్నిటినీ మళ్ళీ పెట్టాడు. "ఆవిడకు మాట ఉన్నప్పుడు తీసేసి, పోయాక పెడుతున్నారా?" అంది పిన్ని. ఆ కూర్పు అమ్ముడుపోలేదు. ఆ రూల్స్ కాగితాలే చాలా కాలం మా కొట్లో కుంకుమ పొట్లాలకు వాడారు. రెండో కూర్పు మాత్రం ఏటా తిరునాళ్ళల్లో పోతూనే ఉండేది. తునిలో తాండ్ర అమ్మే మనిషి కార్డు మీద రెండు వాక్యాలుగా ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో నాకు లెక్క తెలియదు. ఆవిడ గొంతు ఎలా ఉండేదో ఆ ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు.

అప్పుడూ ఇప్పుడూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ పిల్లలు మాకంటే తెలివైనవాళ్ళు. రూలు మారితే ఎందుకు మారిందో ఎవరు మార్చారో చదువుకుని, నిలదీసి తగువు పడతారు. మాకు ఆ అలవాటు లేదు. మామ్మ మార్చినప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసి మార్చింది. బాబాయి తను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం మార్చాడు. అలాగని ఆయనదే తప్పు అనడానికి నాకు నోరు రాదు. ఆయన మార్చకపోతే ఆ నలభై మందీ మిగిలేవాళ్ళు కాదు. పాత ఆట పాతగానే ఉండి ఉంటే, ఆ ఆదివారం మామ్మ మాటతో పాటే వాళ్ళందరూ పోయేవాళ్ళు. ఎన్నిసార్లు భాగించినా నాకు శేషం మిగులుతూనే ఉంది.

వంటింట్లోంచి బయటికి వచ్చి వంశీతో, "మార్చుకోండి. కానీ చచ్చినవాడు ఎప్పటిదాకా మాట్లాడకూడదో ముందే అందరూ కలిసి తేల్చుకోండి" అన్నాను. జోకనుకుని నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం పుస్తకంలో ఆ రూలు వెతకసాగింది. అలాంటిది అందులో లేదట.

మామ్మ బాటలో మజిలీలు ఇరవై ఆరు. మజిలీకి నలుగురికి తక్కువ లేరు, కాబట్టి మనుషులు తక్కువలో తక్కువ నూట నలుగురు. కార్డుల మీద ఉన్నవాళ్ళు నలభై మంది. వాళ్ళు కాక నాకు గుర్తున్నవాళ్ళు పదకొండు మంది, వాళ్ళలో ముగ్గురు ఏం అనేవాళ్ళో మర్చిపోయాను. మిగిలిన యాభై ముగ్గురూ పోయారు. కాశీలో చెప్పవలసిన మాట ఒకటి, అదీ పోయింది.